తుప్పు పట్టని సగం

ఎలిహు స్టాంపర్ పోతూ పోతూ కొడుకులకి ఆస్తి పంచలేదు, తగువు పంచాడు. కొండవాలు పొలం, ఆవులు, పొగాకు ఆరబెట్టే కొట్టం అన్నీ అంతకు ముందే రాసిచ్చేశాడు గనక, ఆఖరికి ఆయన మంచం పక్కన మిగిలినవి రెండు వస్తువులు. ఆయన తాత చేయించుకున్న పొడుగు తుపాకి ఒకటి. దానికి సీసం గుండ్లు పోసుకునే ఇనప అచ్చు ఒకటి.

ఆ తాతల రోజుల్లో కెంటకీ కొండల్లో తుపాకి చేసే కమ్మరి కొలత పెట్టుకుని చేసేవాడు కాదు. గొట్టానికి ఎంత బెజ్జం వస్తే అంత. తుపాకి తయారయ్యాక ఆ బెజ్జానికి సరిపోయేలా ఒక అచ్చు చేసి, రెండూ కలిపి చేతిలో పెట్టేవాడు. ఆ అచ్చులో పోసిన గుండు ఇంకో తుపాకికి పట్టదు. ఇంకో అచ్చులో పోసిన గుండు ఆ తుపాకికి పట్టదు. అచ్చు పోతే తుపాకి ఊతకర్ర. తుపాకి పోతే అచ్చు, చూడటానికి పటకారులా ఉంటుంది గానీ, అక్రోటుకాయ పగలగొట్టుకోవడానికి కూడా పనికిరాదు.

ఎలిహు ఇదంతా ఆలోచించే తుపాకిని చిన్నవాడు హోబర్ట్ చేతిలోనూ, అచ్చుని పెద్దవాడు ఆర్విల్ చేతిలోనూ పెట్టాడు. విడివిడిగా ఇస్తే ఒకరి గడప ఒకరు తొక్కక తప్పదని ఆయన ఆలోచన. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ముసలివాళ్ళకి మంచి ఆలోచన ఒకటి వచ్చిందంటే, దాని వెనకాలే ఇంకోటి తోసుకుని వస్తుంది.

"ఇనుము దానంతటది చెడదు. ఉంచుకున్నవాడు చెడగొడతాడు," అన్నాడు. "ఎవడి సగానికి తుప్పు పడితే వాడు దాన్ని రెండోవాడికి ఇచ్చెయ్యాలి. ఏటా గొడ్డు పందెం నాడు పొద్దున్నే పాస్టరు గారిని కూచోబెట్టుకుని చూసుకోండి."

ఆకు రాలే కాలంలో, పెద్ద వాగు ఒడ్డున గొడ్డు పందెం జరుగుతుంది. గుండు బాగా కొట్టినవాళ్ళు కోసిన గిత్తను భాగాలుగా పట్టుకుపోతారు. ఎలిహు బతికుండగా మంచి భాగం ఎప్పుడూ స్టాంపర్ల ఇంటికే వచ్చేది. ఆయన పోయాక అన్నదమ్ములు ఒకటి రెండేళ్ళు తండ్రి కోరినట్టే చేశారు. అన్న గుండ్లు పోశాడు, తమ్ముడు పేల్చాడు. ఆ తరువాత ఇద్దరికీ తెలివి వచ్చింది.

మందు కాలిన మసి గొట్టంలో రవ్వంత మిగిలినా తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. కాబట్టి హోబర్ట్ తుపాకి పేల్చడం మానేశాడు. కరిగిన సీసం పోస్తే అచ్చుకి పట్టించిన కొవ్వంతా కాలిపోయి ఇనుము బట్టల్లేనట్టు మిగులుతుంది. కాబట్టి ఆర్విల్ గుండ్లు పోయడం మానేశాడు. ఆ విధంగా ఆ లోయలోకెల్లా మంచి తుపాకి, దానికి తగ్గ అచ్చు, ఏ పనీ చెయ్యకుండా చాలా ఆరోగ్యంగా ఉండిపోయాయి. హోబర్ట్ ఏటా ఎవరిదో ఒక తుపాకి అరువు తెచ్చుకుని పందానికి వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాడు. అన్నదమ్ములు మాత్రం ఏడాదికి ఒకసారి కలుసుకునేవారు. ఒకరి ఇనుము మీద ఒకరు కళ్ళద్దాలు పెట్టి వెతికేవారు. ఏమీ దొరక్కపోతే మొహాలు ముడుచుకుని కాఫీ తాగేవారు.

ఆర్విల్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆఖరి ఘడియలో భార్య లవేడాని దగ్గరికి రమ్మని సైగ చేస్తే, ఆమె చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది. "వట్టి చేత్తో పట్టుకోకు, చెమటలో ఉప్పుంటుంది. ఆఖరున పోసిన గుండు అచ్చులోనే వదిలెయ్," అన్నాడు. అంతే. సమాధి దగ్గర ఆడవాళ్ళు ఆర్విల్ చివరగా ఏమన్నాడని అడిగితే, ఆమె తల వంచుకుని "ప్రార్థన చేశాడు" అంది. ఆ మన్ను ఇంకా ఆరకముందే హోబర్ట్ టోపీ చేత్తో పట్టుకుని పక్కకి వచ్చాడు.

"వదినా, నీకేం కావలసినా నేనున్నాను," అన్నాడు. "అచ్చు తడి తగలని చోటే ఉంది కదా?"

లవేడా ఆ మాట మరిచిపోలేదు. హోబర్ట్ తన గోడకి తుపాకి పక్కనే ఒక మేకు కూడా కొట్టించి ఉంచాడనీ, అది అచ్చు తగిలించుకోవడానికేననీ పక్కింటి జెట్టీ వచ్చి చెప్పింది. ఆ రోజు నుంచి లవేడాకి జీవితంలో ఒకటే పట్టుదల. ఆర్విల్ వస్తువు ఆ మేకుకి వేలాడకూడదు. దేవుడు దయతలిస్తే ఆ తుపాకే తన పొయ్యి పైన గోడకి రావాలి.

అచ్చుని ఆమె పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంది. వసంతంలో ఒకసారి, వానల తరువాత ఒకసారి బయటికి తీసేది. చేతులకి గుడ్డ తొడుగులు వేసుకుని, పొయ్యి పక్కన వెచ్చచేసి చెమ్మంతా పోగొట్టేది. గిత్త కొవ్వు కరిగించి వడగట్టింది సందు సందుకీ పట్టించేది. గుంటలో కొవ్వు రాసి, ఆఖరి గుండు మళ్ళీ లోపల పెట్టి, అచ్చు మూసి, గొర్రె జిడ్డు పోని ఉన్ని మేజోడులో దూర్చి, పిండి డబ్బాలో పెట్టి, పొగగొట్టం పక్క అరలో దాచేది. ఆ అర దగ్గర ఎప్పుడూ పొడిగా, వెచ్చగా ఉంటుంది. ఆర్విల్ బతికుండగా, తన కీళ్ళనొప్పులకి ఒక కుర్చీ అక్కడ వేయమని ఆమె అడిగితే ఆయన ఒప్పుకోలేదు. అచ్చుకి గాలి ఆడదన్నాడు.

ఈ ఏడు వసంతంలో గిత్త కొవ్వు అయిపోయింది. కిందటి పందెంలో తోలూ కొవ్వూ భాగం అవతలి లోయ వాడెవడో పట్టుకుపోయాడు. ఏం చేద్దామా అని ఆమె గుమ్మంలో కూచుని ఆలోచిస్తుంటే జెట్టీ వచ్చింది.

"దానికంత ఆలోచన దేనికే?" అంది జెట్టీ. "మీ అమ్మ ఇచ్చిన రొట్టె పెనం ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నావు? ఎప్పుడైనా తుప్పు పట్టిందా?"

"పడితే తల తీసుకోనూ."

"దానికేం రాస్తావు?"

"పొద్దున పంది మాంసం వేయించాక మిగిలిన నెయ్యి."

"మరి? పెనం ఇనుమే, అచ్చూ ఇనుమే. ఆవు కొవ్వయితే ఒకటి, పంది కొవ్వయితే ఒకటా? మొగాళ్ళు తుపాకి సామాను అనేసరికి అదేదో గుడి సామానులా చూస్తారు."

ఆ కొండల్లో ఆడదాని పరువు ఆమె పెనంలో కనిపిస్తుంది. లవేడా పెనం నల్లగా, నున్నగా, మొహం చూసుకునేట్టు ఉంటుంది. ఆ గర్వంతో ఆమెకి జెట్టీ మాట సబబుగానే తోచింది. పొయ్యి మీది డబ్బాలోంచి పంది నెయ్యి తీసి, అచ్చు లోపలా బయటా దిట్టంగా పట్టించి, మేజోడులో దూర్చి అరలో పెట్టేసింది. ఆ వేసవిలో కాలు బెణికి మంచం పట్టింది. వానల తరువాత తీయవలసిన అచ్చుని తీయలేదు.

పందెం ఇంకో వారం ఉందనగా తీసింది. మేజోడు విప్పకముందే వాసన తేడాగా తగిలింది. అచ్చు తెరిచి చూస్తే, గుండు చుట్టూ ఎర్రటి పూత. గుంట అడుగున మిరియపు గింజలు చల్లినట్టు తుప్పు చుక్కలు. గోరుతో గీరింది. రాలేదు. లోతుగా దిగింది.

అప్పుడు తెలిసింది. పెనానికీ అచ్చుకీ ఇనుము ఒకటే, బతుకు ఒకటి కాదు. పెనం రోజూ పొద్దున నిప్పు మీదకి ఎక్కుతుంది, రోజూ కొత్త నెయ్యి తాగుతుంది. అచ్చు ఏడాది పొడుగునా చీకట్లో పడుకుంటుంది. పంది మాంసం ఉప్పులో నానినది, దాని నెయ్యి నిండా ఉప్పే. ఆ ఉప్పుకి చీకట్లో వేరే పనేం ఉంటుంది? గాలిలో ఉన్న చెమ్మనంతా కూచుని పిలుచుకుంటుంది. ఆర్విల్ చెమటలో ఉప్పుంటుందని ప్రాణం పోయేముందు చెప్పి పోయాడు. ఆమె పాపం చెమట తగలకుండా చేతులకి తొడుగులు వేసుకుని మరీ, గరిటెడు ఉప్పు రాసింది.

లవేడా కాసేపు ఏడ్చింది. ఆ తరువాత కళ్ళు తుడుచుకుని తలుపు గడియ పెట్టింది.

అచ్చు లోపల గరుకు పోగొట్టడం ఆర్విల్ చేయగా ఆమె చూసింది. ఒక మేకు గుంటలో నిలబెట్టి చుట్టూ సీసం పోస్తే, మేకుకి గుండు అతుక్కుని వస్తుంది. ఆ గుండుకి నూనెలో కలిపిన సానపొడి పూసి, అచ్చులో పెట్టి, మేకుని చేతి బర్మాతో తిప్పుతుంటే గుంట నున్నగా అవుతుంది. ఆమె తిప్పింది. తుడిచి చూసింది. చుక్కలు ఉన్నాయి. మళ్ళీ పొడి వేసి తిప్పింది. భుజం పట్టేసింది. ఇంకా తిప్పింది. ఆఖరి చుక్క పోయేసరికి గుంట కొత్త వెండి గిన్నెలా మెరిసింది.

మెరవడమైతే మెరిసింది. పాత గుండు లోపల పెట్టి ఊపితే గలగలమంది. తుప్పుతో పాటు ఇనుము కూడా అరిగి గుంట పెద్దదయింది. ఇక ఈ అచ్చులో పోసిన గుండు ఆ తుపాకి గొట్టంలో పట్టదు, మూతి దగ్గరే ఆగిపోతుంది.

అయితేనేం, అనుకుంది లవేడా. చూసేది తుప్పు ఉందా లేదా అని. గుండు పోసిందెవరు, పేల్చిందెవరు? కొత్తగా ఒక గుండు పోసి లోపల పెట్టింది. పాత గుండు సాక్ష్యంగా ఇంట్లో ఉండటం మంచిది కాదని వాగు దాకా కుంటుకుంటూ వెళ్ళి, లోతు చూసి విసిరేసి వచ్చింది. వెళ్ళేటప్పుడు మనసు బరువుగా ఉంది. వచ్చేటప్పుడు తేలికపడింది. పాపం చేసిన వెంటనే కొందరికి అలాగే ఉంటుంది.

పందెం నాడు పొద్దున హోబర్ట్, భార్య నోలా పాత ట్రక్కులో వచ్చారు. వెనకాలే కొత్త పాస్టరు గారు. పాత పాస్టరు గారు ఏటా వచ్చి, రెండు వస్తువుల మీదా చెయ్యి ఊపి, ఎండు యాపిల్ కేకు రెండు ముక్కలు తిని వెళ్ళేవాడు. ఆయన శీతాకాలంలో పోయాడు. కొత్తాయన లూథర్ కోంబ్స్, టెనసీ నుంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఏ పనైనా సక్రమంగా జరగాలనే జబ్బు ఉన్న మనిషి.

వంటింటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, తుపాకి ఒక పక్కా అచ్చు ఒక పక్కా పెట్టారు. హోబర్ట్ కళ్ళద్దాలు పెట్టుకుని అచ్చు తెరిచాడు.

"బాగా మెరుస్తోందే వదినా."

"తుడుస్తాను కాబట్టి మెరుస్తోంది. నీ కళ్ళకి ఓర్వలేకపోతే పక్కకి తిప్పుకో."

"అహ, బాగుందనే అంటున్నాను," అన్నాడతను. అంతటితో అచ్చు మూసి కింద పెట్టేశాడు.

లవేడాకి ఆశ్చర్యం వేసింది. ఏటా అచ్చుని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, పేలు చూసినట్టు చూసే మనిషి ఈసారి ఇంత మర్యాదస్తుడెలా అయ్యాడు? ఆమె తుపాకి గొట్టంలోకి కొవ్వొత్తి వెలుగు పట్టి చూసింది. లోపల తళతళలాడుతోంది. ఈ ఏడు కూడా తుపాకి రాదు. సరే, అచ్చయినా పోలేదు కదా.

"అయిపోయిందా?" అన్నారు పాస్టరు గారు.

"అయిపోయినట్టే," అంది నోలా. "కేకు తిని వెళ్దాం. పందెం దగ్గర నిలబడటానికి చోటుండదు."

"ఒక్క నిమిషం సిస్టర్. సాక్షిగా నన్ను పిలిచారు. నేను చూసిందేమిటి? ఒక గొట్టం మూతి, ఒక అచ్చు మొహం. గొట్టం నడుమ ఏముందో కొవ్వొత్తికి తెలుస్తుందా? కాయ కొరక్కుండా చెట్టు మంచిదని నేనెట్లా చెప్పను? సిస్టర్ లవేడా ఒక గుండు పొయ్యాలి. బ్రదర్ హోబర్ట్ దాన్ని పేల్చాలి. తుప్పు ఉంటే గుండు గరుగ్గా వస్తుంది, లేదా గొట్టంలో పట్టేస్తుంది. లేకపోతే లేదు."

లవేడా బల్ల మీది అచ్చుని తన వైపుకి లాక్కుంది.

"పోస్తే అచ్చుకున్న కొవ్వు కాలిపోతుంది పాస్టరు గారూ," అంది లవేడా.

"నిజమే, పాపం వదిన మళ్ళీ మొదట్నించీ రాయాలి," అన్నాడు హోబర్ట్.

"తుపాకి పేలిస్తే మసి పడుతుంది. మా మరిదికి నడుం నొప్పి, కడగలేడు," అంది లవేడా.

"అవునండీ, నడుం," అన్నాడు హోబర్ట్, నడుం పట్టుకుని.

నోలా మొగుడి వంకా తోడికోడలి వంకా మార్చి మార్చి చూసింది. "మీ నాన్న పోయాక మీ ఇంటివాళ్ళు ఇద్దరు ఒక మాట మీద నిలబడటం ఇదే మొదలు. నాకేదో భయంగా ఉంది."

"నాకూ అలాగే ఉంది," అన్నారు పాస్టరు గారు. "ఎవరికైనా ఇష్టం లేకపోతే బలవంతం లేదు. వద్దన్నవాళ్ళ సగంలో తుప్పుందనుకుని, రెండోవాళ్ళకి ఇప్పించి వెళ్తాను."

ఆ మాటతో ఇద్దరూ ఒకేసారి లేచారు. లవేడా సీసం గిన్నె పొయ్యి మీద పెట్టింది. హోబర్ట్ తుపాకిమందు ఉన్న కొమ్ము తేవడానికి ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. నడుం నొప్పి సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

సీసం కరిగింది. లవేడా అచ్చుని వెచ్చచేసి, గుంటకి కొవ్వొత్తి మసి పట్టించి, గరిటెతో పోసింది. మొదటి గుండ్లు ముడతలు పడి వచ్చాయి. ఇనుము ఇంకా వేడెక్కలేదు. వాటిని మళ్ళీ గిన్నెలో వేసింది. వాగులో పారేసిన పాత గుండు గుర్తొచ్చింది. అది ఉంటే ఇప్పుడు చాటుగా మార్చి చేతిలో పెట్టేది. బుద్ధిలేని చెయ్యి తొందరపడింది. ఇంకాసేపట్లో గుండు మూతి దగ్గర ఆగిపోతుంది. అందరూ ఎందుకు ఆగిందని అడుగుతారు. ఆర్విల్ అచ్చు ట్రక్కెక్కి ఆ మేకు దగ్గరికి పోతుంది.

నాలుగోసారికి గుండు నిగనిగలాడుతూ వచ్చింది. గుండుకి అంటుకుని వచ్చిన సీసం తోక కోసి, గుడ్డలో చుట్టి పెరట్లోకి తెచ్చింది.

హోబర్ట్ గొట్టంలో మందు పోశాడు. మూతి మీద కొవ్వు రాసిన గుడ్డపీలిక పరిచాడు. గుండు అందుకుని పీలిక మీద పెట్టడానికి ఎందుకో ఆలస్యం చేశాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఇంత చలి పొద్దున చెమటేమిటా అని లవేడా అనుకుంది గానీ, తన చెమట తుడుచుకునే పనిలో ఆ సంగతి వదిలేసింది.

అతను గుండు పెట్టి బొటనవేలితో నొక్కాడు.

గుండు ఆగలేదు. లోపలికి జారి పడిపోనూ లేదు. పీలికతో సహా బిగువుగా, మెత్తగా, వానపాము మట్టిలోకి పోయినట్టు గొట్టంలోకి పోయింది. కడ్డీతో తోస్తే అడుగు దాకా ఒకే బిగువుతో దిగింది.

హోబర్ట్ కడ్డీ వదలకుండా అలాగే నిలబడ్డాడు. లవేడా గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లవేడా మనసు చురుగ్గా నడిచింది. గుంట పెద్దదయిందని ఆమెకి తెలుసు. పెద్ద గుండు పాత గొట్టంలో పట్టకూడదు. పట్టింది. అంటే గొట్టం పాతది కాదు. గొట్టం బెజ్జం దానంతటది పెద్దదవదు. ఎవరో లోపల గీరి ఉండాలి. మంచి గొట్టాన్ని ఎవరూ గీరించరు. తుప్పు పట్టినదాన్నే గీరిస్తారు.

అవతల హోబర్ట్ కూడా అదే దారిలో, ఎదురు వైపు నుంచి నడిచి వస్తున్నట్టు అతని కళ్ళు చెబుతున్నాయి. పెద్ద గొట్టంలో పాత గుండు లొటలొటలాడాలి. లొటలొటలాడలేదు. అంటే గుండు పాతది కాదు.

ఆమెకి ఇంకో సంగతి కూడా తోచింది, అది తోచకపోయినా బాగుండేది. ఆ పాత గుండే గనక ఇంట్లో ఉండి, అనుకున్నట్టు దొంగచాటుగా మార్చి ఇచ్చి ఉంటే, అది గొట్టంలో గలగలమని పడిపోయేది. హోబర్ట్ దొరికిపోయేవాడు. తుపాకి ఈ పూట తన గోడకి ఎక్కేది. ఆమె వాగులో విసిరింది సీసం గుండుని కాదు, తుపాకిని.

"పేల్చండి బ్రదర్," అన్నారు పాస్టరు గారు.

కంచె మీద పెట్టిన చెక్కకి బొగ్గుతో గుర్తు పెట్టి ఉంది. హోబర్ట్ పేల్చాడు. లోయకి రెండు పక్కలా కొండలు మోగాయి. పొగ విడిపోయాక పాస్టరు గారు పొడుగు కాళ్ళతో కంచె దాకా వెళ్ళి చూసి, చెక్క పట్టుకుని వచ్చారు. గుర్తు నడుమ బెజ్జం.

"ఇన్నేళ్ళు వాడకపోయినా నిన్న చేసినట్టు ఒకదానికొకటి పట్టాయి," అన్నారాయన. "ఉంచుకునేవాళ్ళు నమ్మకస్తులైతే ఇనుము కూడా మాట నిలబెట్టుకుంటుంది. నేను ఈ ఊరికి వచ్చాక చూసిన మొదటి నిజాయితీ ఇది. ఇవాళ పందెం దగ్గర అందరి ముందూ మీ ఇద్దరి పేర్లూ చెప్తాను. రేపు ఆదివారం ప్రసంగం కూడా దీని మీదే."

"వద్దండీ," అన్నారు వదినా మరిదీ ఒకే గొంతుతో.

"చూశారా, ఎంత వినయమో," అన్నారాయన నోలాతో.

తేలు కుట్టిన దొంగ ఒకడే ఉంటే కనీసం చీకట్లోకి పోయి మూలుగుతాడు. ఇద్దరు దొంగలు ఒకే పెరట్లో, పాస్టరు గారి ముందు, ఒకే తేలుతో కుట్టించుకుంటే ఏం చేస్తారు? నోరు తెరిచినవాడు రెండోవాడిని పట్టించాలి. పట్టించాలంటే ముందు తనకెలా తెలిసిందో చెప్పుకోవాలి. లవేడా చెక్క మీది బెజ్జాన్ని మెచ్చుకుంది. హోబర్ట్ గుండు నునుపుని మెచ్చుకున్నాడు.

పాస్టరు గారూ నోలా కేకు ముక్కలు పట్టుకుని ముందుగా ట్రక్కు దగ్గరికి వెళ్ళారు. హోబర్ట్ మాత్రం వెళ్ళలేదు. వంటింటి గుమ్మంలో టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"వదినా, ఇవాళ పందెంలో దీంతోనే పేలుద్దామనుకుంటున్నాను."

"పేల్చు. నీ తుపాకి."

"గుండ్లు కావాలి కదా."

"లోపలికి రా. గుమ్మంలో నిలబడి అడిగితే అడుక్కునేవాడికి పెట్టినట్టుంటుంది. ఆ పిడి పట్టుకో. గుడ్డతో పట్టుకో, కాలుతుంది."

అతను అచ్చు పిడులు పట్టుకున్నాడు, ఆమె పోసింది. గుండు పడింది. అతను తెరిచాడు, ఆమె తోక కోసింది.

"నది అవతల ఒక తుపాకుల పనివాడున్నాట్ట," అన్నాడు హోబర్ట్, గుండుని చూస్తూ. "ఎవరో ఒకాయన తుపాకి అతని దగ్గరికి తీసుకుపోయాట్ట. ఇంట్లో పందుల సంతకని చెప్పి."

"అయ్యో. ఏమైందిట ఆ తుపాకికి?"

"దానికి గుడ్డ తొడుగు కుట్టించుకుంటే బాగుండేది. ఆయన మంచి దుప్పి తోలు తొడుగు కుట్టించాట్ట, ఖరీదైంది. తోలు ఉప్పుతో ఊరబెట్టిందని తెలియక. ఏడాది మొత్తం లోపలే పెట్టాట్ట."

"బుద్ధిలేనివాడు."

"పరమ బుద్ధిలేనివాడు," అన్నాడు హోబర్ట్ మనస్ఫూర్తిగా.

ఆమె ఇంకో గుండు పోసింది. "నేను కూడా ఒకావిడ సంగతి విన్నాను. ఈ చుట్టుపక్కల మనిషి కాదులే. ఇనప సామానుకి పెనం నెయ్యి రాసిందిట."

హోబర్ట్ అచ్చు పిడులు పట్టుకునే ఆగిపోయాడు. "పంది మాంసం వేయించిన నెయ్యా?"

"అదే."

"ఉప్పుతో సహా?"

"ఉప్పు విడిగా తీసేసి ఎవరైనా రాస్తారా?"

అతని భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వు ఆపుకోవడానికి పళ్ళు బిగించి కిటికీ వైపు తిరిగాడు. లవేడా గరిటె గిన్నెలో పెట్టి, ఒళ్ళో ఉన్న గుడ్డతో నోరు మూసుకుంది. ఇద్దరూ అటొకరు ఇటొకరు తిరిగి, ఆ ఎవరో ఒకాయన మీదా ఆ ఎవరో ఒకావిడ మీదా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు.

బయట నోలా ట్రక్కు హారను మోగించింది. "వచ్చేది ఉందా లేదా? ఏం చేస్తున్నారు లోపల?"

"ఆవిడ కనబడితే చెప్పు వదినా," అన్నాడు హోబర్ట్ కళ్ళు తుడుచుకుంటూ. "ఇకమీదట మామూలుగా ఏటా పోస్తూ పేలుస్తూ ఉంటే, తుప్పుకి కూచోవడానికి తీరికుండదని."

"ఆయనకి నువ్వు చెప్పు. పేల్చాక మరిగే నీళ్ళతో కడిగి, ఆ తుపాకిని ఇక్కడికే తెచ్చి నా పొయ్యి పక్కన ఆరబెట్టమని. ఆయన ఇంట్లో చెమ్మెక్కువ."

"మా ఇంట్లో చెమ్మేం లేదు."

"నీ ఇల్లని ఎవరన్నారు?" అంది లవేడా. "పిడులు సరిగా పట్టుకో. సీసం నా కాలి మీద పోస్తావా ఏం?"